మా నాన్నగారి నిఘంటువు

మాటలకు అర్థాలు చెప్పేవారు లోకంలో రెండు తెగలు. తెలిసి చెప్పేవారు ఒక తెగ, తెలియకుండానే చెప్పేవారు రెండో తెగ. మొదటి తెగవారిని ఏదైనా మాట అడిగి చూడండి. "ఉండండి, శబ్దరత్నాకరం చూడాలి, సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా చూసి రేపు చెబుతాను" అంటారు. రెండో తెగవారు అడిగీ అడగకముందే చెప్పేస్తారు. అందుకే జనం యెప్పుడూ రెండో తెగవారి దగ్గరికే పోతారు.

నేను జీతం పుచ్చుకుంటున్నది మొదటి తెగలో వుండి. తెలుగు యెం.యే. చదివి, కాలేజీలో పిల్లలకు తత్సమాలూ తద్భవాలూ చెప్పుకుంటున్నాను. కాని నేను పుట్టింది మాత్రం రెండో తెగలో. ఆ తెగకు మా నాన్నగారు తలమానికం వంటివారు.

మా వూరు చింతలపూడి. నాన్నగారు అక్కడ నలభయ్యేళ్ళకు పైగా దస్తావేజులు రాశారు. రేకుల పంచలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక విసనకర్ర, తరవాత్తరవాత ఒక కంప్యూటరూ, దాన్ని నడపడానికి ఒక కుర్రాడూ. ఇదీ ఆయన ఆస్థానం. పొలం అమ్మేవారూ కొనేవారూ, పంపకాలు చేసుకునే అన్నదమ్ములూ, కూతురికి పసుపు కుంకుమ కింద అరయెకరం రాసిచ్చే తండ్రులూ ఆ బల్ల ముందు కూర్చోవలసిందే. దస్తావేజు భాష మీకు తెలియనిది కాదు. అందులో సగం పారసీ, సగం సంస్కృతం. మధ్యలో తెలుగు యెక్కడైనా వుంటే అది అమ్మేవాడి పేరు. రాయించుకునేవారికి అనుమానం రాకుండా వుంటుందా?

"గురువుగారండీ, నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములు అని రాశారు గదా, అవన్నీ నాకొస్తాయాండీ?"

"ఆయ్, అన్నీ వస్తాయి. అష్టభోగాలూ నీవే."

"ఆగామి అంటే ఏంటండీ?"

ఆగామి అంటే ఇకముందు ఆ భూమికి కలిసిరాబోయే లాభం. సిద్ధం అంటే ఇప్పటికే చేతికి వస్తున్న ఫలం. సాధ్యం అంటే పాటుపడితే రాబట్టుకోగల ఫలం. శాసనాల కాలంనుంచీ నడిచి వస్తున్న మాటలివి. నాన్నగారికి ఈ సంగతి తెలియక కాదు. కాని యెండన పడి వచ్చిన రైతుకు శాసనాలెందుకని ఆయన ఉద్దేశం.

"ఆగామి అంటే ఆగి ఆగి వచ్చేదోయ్. తొందరపడకు" అనేవారు.

"మరి సాధ్యమో?"

"అది నీవల్ల అయితేనే."

రైతు తృప్తిగా తలవూపి వేలిముద్ర వేసేవాడు. ఆలోచిస్తే ఆ అర్థాలు మరీ దూరంగా పోలేదు సుమండీ!

ఇక మా వూరి పేరు సంగతి. చింతలు అంటే చింతచెట్లు, పూడి అన్నది వూళ్ళ పేర్ల చివర వచ్చే మాట. కూచిపూడిలో వున్నదీ, భీమవరంలోని గునుపూడిలో వున్నదీ అదే. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. నాన్నగారికి రహస్యం లేని పేరంటే గిట్టదు. "చింతలు పూడ్చిన వూరు, అందుకని చింతలపూడి" అని ఆయన తీర్పు. చింత అంటే దిగులు. వెనక ఎవరో మహానుభావుడు తన దిగుళ్ళన్నీ గొయ్యి తీసి ఇక్కడ పూడ్చిపెట్టి హాయిగా బతికాడట. ఆ గొయ్యి ఎక్కడుందని అడిగినవాళ్ళకు "రిజిస్ట్రారాఫీసు కింద" అని చెప్పేవారు. "మరి ఇంతమంది దిగులు మొహాలతో అక్కడికెందుకు వస్తున్నారండీ?" అంటే, "తవ్వుకుపోవడానికి" అనేవారు.

చింతలు రెండున్న మాట నిజమే. దిగులు అనే చింత సంస్కృతంనుంచి వచ్చింది. అక్కడ దానికి ఆలోచన అని అర్థం. మనవాళ్ళు ఆలోచనంటే దిగులే అని తేల్చేసుకున్నారు. పులుసులోకి వచ్చే చింత మన అచ్చతెలుగు మాట. తమాషా ఏమిటంటే ఈ చెట్టు అసలు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండం. ఎప్పుడో మన దేశం వచ్చి ఇక్కడిదే అన్నంతగా స్థిరపడింది. అరబ్బు వర్తకులు మన దేశంలో చూసి దాన్ని 'తమర్ హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఆ మాటే ఇంగ్లీషువారి నోట 'టామరిండ్' అయింది. అది మన దేశానిదీ కాదు, ఖర్జూరమూ కాదు! మా నాన్నగారి తెగవారు అరబ్బుదేశంలోనూ వున్నారన్నమాట.

వూళ్ళ పేర్లకు కొత్త అర్థాలు కట్టడంలో పండితులు పామరులకు ఏమీ తీసిపోలేదు. పామరుడు తెలియని మాటను తెలిసిన మాటగా మారుస్తాడు. పండితుడు తెలిసిన మాటను తెలియని మాటగా మారుస్తాడు. అంతే తేడా. మా ఏలూరును హేలాపురి చేశారు. కూచిపూడిని కుశీలవపురి చేశారు. అయితే సంస్కృతంలో కనిపించినదల్లా కల్పన అనుకోవడానికీ లేదు. రాజమండ్రి విషయంలో రాజమహేంద్రవరమే అసలు పేరు, జనం నోట నలిగి నలిగి రాజమండ్రి అయింది. 2015లో ప్రభుత్వం పాత పేరునే మళ్ళీ ఖాయం చేసింది. మా పిల్లలకు నేను చెప్పే సూత్రం ఇంతే: అర్థం అందంగా వుందా అని చూడకండి, పాత రాతల్లో ఆ మాట ఎలా వుందో చూడండి, పక్క భాషలవాళ్ళు ఏమంటున్నారో చూడండి.

ఈ సూత్రంతో 'గాడిదగుడ్డు'ను పరీక్షించి చూడండి. ఎవరో తెల్లదొర దేవుణ్ణి తలుచుకుని 'గాడ్ ద గుడ్' అన్నాడట. బంట్రోతు చెవికి అది 'గాడిదగుడ్డు'గా వినబడిందట. దొర ఆ వెనకనే శాంతిని కూడా కోరాడు కాబోలు, అది 'కంకరపీసు' అయిందట! ఈ కథ ఆంధ్రదేశమంతటా వ్యాపించింది. వినడానికి బాగుంది. కాని లేని వస్తువును చెప్పడానికి మనకు దొర సాయం ఎప్పుడు కావలసి వచ్చింది? కుందేటికొమ్ము లేదా? ఆకాశపుష్పం లేదా? గొడ్రాలి బిడ్డ లేడూ? మన తర్కశాస్త్రంవారు వందల యేళ్ళుగా వీటిని వుదాహరిస్తూనే వున్నారు. ఆ వరసలో గాడిదగుడ్డు దర్జాగా కూర్చోగలదు.

కట్టుకథలా వుండి నిజమయ్యేవి కూడా కొన్ని వున్నాయి. తాళానికి చెవి ఎందుకుంది? వినడానికా? పోర్చుగీసువారు తాళపుచెవిని 'చావె' అంటారు. వాళ్ళు మన తీరాలకు వోడల్లో వచ్చినప్పుడు తమ తాళాలతోపాటు ఆ మాటనూ తెచ్చారు. హిందీవారు దాన్ని చాబీ అన్నారు, తమిళులు సావి అన్నారు. మనవాళ్ళకు చావి అనే మాట కొత్త, చెవి పాత. పాతదాన్నే తగిలించారు. ఇల్లు కట్టే మేస్త్రీ, అప్పు తీరకపోతే వచ్చే వేలం, చొక్కాకు చేసే ఇస్త్రీ, భుజాన వేసుకునే తువాలు, ఇవన్నీ ఆ వోడ దిగినవే.

'ముద్దాయి' మరీ విచిత్రం. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే వాది. మన కోర్టు గుమ్మం దాటేసరికి అతనే నేరం మోపబడినవాడయ్యాడు! ఫిర్యాదు చేసినవాణ్ణే బోనెక్కించిన భాష మనది. నాన్నగారికి ఈ సంగతి ఎంతో వుత్సాహంగా చెప్పాను. ఆయన తల అడ్డంగా వూపారు.

"ఒరేయ్, జైల్లో పెట్టే ముద్ద తినేవాడు ముద్దాయి. దీనికి అరబ్బుదేశం దాకా ఎందుకురా?"

నాన్నగారికి ఆరాధ్యుడు పింగళి నాగేంద్రరావుగారు. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఆయన ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. అస్మదీయులు అన్న సంస్కృతపు మాటను కాస్త సాగదీసి అసమదీయులు చేసి, దానికి జోడీగా తసమదీయులు అని పుట్టించిన ఘనత పింగళివారిది. వ్యాకరణంలో అస్మదీయానికి జోడీ యుష్మదీయం, తదీయం. తసమదీయం ఏ వ్యాకరణంలోనూ లేదు. కాని ఆంధ్రదేశంలో తసమదీయులంటే తెలియనివాడు లేడు. మాటలు వాటంతట అవి పుట్టుకురావు, పుట్టించేవాడొకడు వుండాలి అని ఘటోత్కచుడి చేత చెప్పించి, పుట్టించినవాడికి వీరతాడు వేయించారు. వీరతాడు కూడా పుట్టించిన మాటే!

అందులోనే తల్పానికి గిల్పం, కంబళికి గింబళి వున్నాయి. ఇది తెలుగువాళ్ళందరికీ పుట్టుకతో వచ్చిన విద్య. ఏ మాటనైనా తీసుకోండి, మొదటి అక్షరం తీసి 'గి' పెట్టండి, అక్షరం దీర్ఘమైతే 'గీ' పెట్టండి. పులీ గిలీ, పామూ గీమూ, కాఫీ గీఫీ. మూడేళ్ళ పిల్లకు ఈ సూత్రం ఎవరూ నేర్పరు, తప్పకుండా పాటిస్తుంది. ఆ రెండో మాటకు నిఘంటువులో అర్థం లేదు, సంభాషణలో వుంది. 'అటువంటివన్నీ' అని ఒక అర్థం, 'వాటి మొహం' అని రెండో అర్థం. "మీ పరిశోధనా గిరిశోధనా తరవాత, ముందు బియ్యం తెండి" అని మా ఆవిడ అన్నప్పుడు ఆ రెండో అర్థం నాకు స్పష్టంగా తెలుస్తుంది.

మా అమ్మది కైకలూరు వైపు కొల్లేటి లంకగ్రామం. మా చింతలపూడి పక్కగా పోయే తమ్మిలేరు చివరికి వెళ్ళి కలిసేది ఆ కొల్లేట్లోనే. తమ్మి అంటే తామర. నాన్నగారు మాత్రం "తమ్ముడి ఏరు తమ్మిలేరు, దాని అక్క గోదావరి" అనేవారు. "మా వూరి నీళ్ళన్నీ ఏటా మీ పుట్టింటికే పోతున్నాయి. ఇంతకంటే సారె ఏ అల్లుడు పంపించాడు?" అని అమ్మను దెప్పేవారు.

ఆ ఇంట్లో నిషిద్ధమైన మాట ఒక్కటే వుండేది, 'కొంప కొల్లేరు'. సంసారం గుల్లయిపోతే కొంప కొల్లేరయిందంటాం గదా! అది వినగానే అమ్మకు కోపం వచ్చేది. "మా కొల్లేరు ఎవరి కొంపా ముంచలేదు. కొంపలు తెచ్చి కొల్లేట్లో పెట్టినవాళ్ళది తప్పు" అనేది. నాన్నగారు వూరుకుంటారా? "కొల్లగొట్టే ఏరు కొల్లేరు" అని అర్థం చెప్పారు. నేను అమ్మ పక్షాన శాసనాలు తెచ్చాను. పన్నెండో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన మాండలికులు కొలను వారు. కొలను అంటే సరస్సు, కొల్లగొట్టడం కాదు. అమ్మ ఆ రోజు నాకు రెండు గరిటెల నెయ్యి వేసింది. యెం.యే. చదివినందుకు నాకు దక్కిన ప్రత్యక్షఫలం అది.

కాని ఆ సామెత వూరికే పుట్టలేదు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులన్నీ వానాకాలంలో కొల్లేటి మీదే పడతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు నీళ్ళు కొల్లేటికి పోవలసిన నీళ్ళే. ఇక కొల్లేరు తానే కొల్లేరయిన కథ అందరికీ తెలుసు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించారు. అయినా సరస్సు నిండా చేపలచెరువుల గట్లు లేచాయి. 2006లో వాటిని పేల్చి కొట్టించారు. గట్లు పోయిన చోట మళ్ళీ గట్లు లేచాయి.

అమ్మకు చెరువుల లెక్కలు తెలియవు, మాటలు తెలుసు. తాటిదోనె, కిక్కిస, గూడబాతు, బొమ్మిడాయి, కొర్రమట్ట. నీళ్ళను కప్పేసే ఆ వూదాపూల నాచును గుర్రపుడెక్క అంటుంది. అది దక్షిణ అమెరికానుంచి వచ్చి మన నీళ్ళలో పడిన మొక్క. ఆకు చూసి ఎవరో గుర్రం కాలి డెక్క అన్నారు, అదే పేరయింది. పొలాలను పట్టిపీడించే పార్థీనియం మొక్కను మనవాళ్ళు వయ్యారిభామ అన్నారు. పేరు పెట్టిన రైతు ఎవరో గాని పింగళివారికి తీసిపోడు. ఇటువంటి మాటల కోసం భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి పండితులు పల్లెలకు వెళ్ళి, రైతుల నోటినుంచే విని రాసుకుని, 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం అచ్చువేయించారు. నిఘంటువు పల్లె ముందు పలక పట్టుకుని కూర్చుందన్నమాట. ఆ పుస్తకం నేను ఇంటికి తెచ్చినప్పుడు నాన్నగారు తిరగేసి, "వీళ్ళు నన్నెందుకు అడగలేదూ?" అన్నారు.

2022 ఏప్రిల్ 4న ఏలూరు కొత్త జిల్లా అయింది. జీవితమంతా 'పశ్చిమ గోదావరి జిల్లా' అని రాసిన చెయ్యి ఆ వేసవిలో 'ఏలూరు జిల్లా' అని రాయడం నేర్చుకుంది. ఎంతోకాలం రాయలేదు. ఆ శీతాకాలంలో ఒక తెల్లవారుజామున నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఏలూరు తీసుకువెళ్ళాం. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు కొన్ని నెలలకు కొంత స్వాధీనమైంది. మాట కాలేదు.

మూగ అయ్యారని కాదు. గొంతు వుంది, మాటలూ వస్తున్నాయి. అనుకున్న మాట రాదు, ఇంకోటి వస్తుంది. డాక్టరుగారు ఓపికగా చెప్పారు. మెదడులో చాలామందికి ఎడమవైపు మాటల అర యేదో వుంటుందట. అది దెబ్బ తిన్నది. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు తెలుస్తుంది, తాను చెప్పదలచుకున్నదానికే దారి దొరకదు. చిన్నప్పటినుంచీ కంఠస్థం చేసిన అంకెలూ, వారాల పేర్లూ, స్తోత్రాలూ మాత్రం ఇటువంటివారి నోట చాలాసార్లు చెక్కుచెదరకుండా వస్తాయట. అది వేరే దారి.

ఎన్నో మాటలకు అర్థాలు చెప్పిన మనిషి మంచంమీద కూర్చుని, మంచినీళ్ళు కావాలని చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. చెంబు చూపించవచ్చు గదా అంటారేమో. చూపించేవారు. ఎదురుగా చెంబు లేనప్పుడు ఏం చూపిస్తారు? మేము పాలు తెచ్చాం, మందు తెచ్చాం, దుప్పటి తెచ్చాం. ఆయన విసుగుతో మొహం గోడవైపు తిప్పుకున్నారు. మొదటి పది రోజులూ ఇంట్లో అందరం మాటలు తగ్గించేశాం. ఆయన ముందు మాట్లాడటం భాగ్యవంతుడు బీదవాడి ముందు నాణేలు లెక్కపెట్టినట్టుండేది.

పదకొండో రోజు సాయంకాలం నాన్నగారు హఠాత్తుగా "నిధి నిక్షేప జల" అని ఆగిపోయారు. మళ్ళీ "నిధి నిక్షేప జల" అన్నారు. వేల దస్తావేజుల్లో రాసి, చదివి వినిపించిన వాక్యం అది. అంకెలు వచ్చినట్టే తడుముకోకుండా వచ్చింది. పాపం, పనిలో వున్నాననుకుంటున్నారని అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ అలాగే అనుకుని వుండేవాణ్ణి. అప్పటికి ఏడేళ్ళ మా అమ్మాయి మాట్లాడకుండా లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి తాతయ్య చేతికిచ్చింది. ఆయన గటగటా తాగారు.

"నీకెలా తెలిసిందే?" అన్నాను.

"జలం అన్నారుగా!" అంది.

మరి ఆ వరసలో మూడో మాట జలమే. సూటిగా నీళ్ళ దగ్గరికి పోయే దారి మూసుకుపోయింది. నిధీ నిక్షేపమూ దాటుకుని, చుట్టుతిరుగుడు దారిలో, ఆ మనిషి జలం దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళారు. వెళ్ళి, అక్కడ ఆగారు. ఆగడంలో వుంది ఆయన తెలివంతా. ఆగకపోతే పాషాణం వచ్చేస్తుంది!

ఆనాటినుంచీ మా ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. కొన్ని నెలల్లో నాన్నగారి భాష మాకు తెలిసిపోయింది. కళ్ళజోడును 'హద్దులు' అంటారు. పొద్దుటి కాఫీ 'తూర్పు'. అమ్మను 'సాక్షీ' అని పిలుస్తారు. నన్ను 'నకలు' అంటారు. మనవరాలు 'వడ్డీ'. మా ఆవిడ 'చలానా'. ఈ మాటలు ఏ రోజుకారోజు మారవు, నిలకడగా వున్నాయి.

ఇవి ఇలాగే ఎందుకొచ్చాయంటే డాక్టరుగారు నవ్వి, ప్రత్యేకించి కారణం వుండకపోవచ్చు, ఎక్కువకాలం వాడిన మాటలు దగ్గర అరలో వుంటాయి, చేతికి అవే దొరుకుతాయి అన్నారు. శాస్త్రం అదే. కాని మా ఇంట్లో ఎవరూ దానితో తృప్తిపడలేదు. జోడు లేకపోతే వస్తువుల అంచులు కనబడవు, అందుకే హద్దులు అంది మా ఆవిడ. అసలు కంటే వడ్డీ ముద్దని సామెత వుండనే వుంది, మనవరాలికి ఆ పేరు తగదా? నకలు అన్నందుకు నేను ఏమనుకోవాలో మొదట తోచలేదు. అద్దంలో చూసుకుంటే ఆ ముక్కూ ఆ నుదురూ ఆయనవే. చలానా కట్టందే ఆఫీసులో ఏ పనీ జరగదు, మా ఇంట్లో మా ఆవిడ కదలందే ఏ పనీ జరగదు. ఇక సాక్షి. నలభై అయిదేళ్ళు పక్కన నిలబడి అంతా చూసిన మనిషికి అంతకంటే ఏ పేరు పెడతారు? "ఇన్నాళ్ళకు సరైన పేరు పెట్టారు" అని అమ్మే అన్నది.

నేను వీటికి శాసనాధారాలు అడగలేదు. ఒక నోటుపుస్తకం కొని, అకారాది క్రమంలో రాయడం మొదలుపెట్టాను. ఎడమవైపు నాన్నగారి మాట, పక్కన అర్థం, మొదట విన్న తేదీ, కుడివైపు మా ఇంటివాళ్ళు చెప్పుకునే వ్యుత్పత్తి. ఇప్పటికి అరవై మూడు మాటలయ్యాయి. ఆయన నిద్ర లేచి మాట్లాడినంతకాలం అవి పెరుగుతూనే వుంటాయి. నా తరవాత ఎవరైనా ఆయన దగ్గర కూర్చోవలసివస్తే చేతికివ్వడానికి ఒక పుస్తకం వుండాలిగదా. దూరాన వున్న మా చెల్లెలికి ఒక ప్రతి పంపాను. ఫోనులో నాన్నగారు "పత్రం, పత్రం" అంటే ఇదివరకు ఏడ్చేది. ఇప్పుడు "అన్నం తిన్నాను నాన్నా, నువ్వు తిన్నావా?" అంటుంది. ఆయన మొహం వెలిగిపోతుంది.

మొన్న బడిలో పరీక్ష జరిగింది. నీరు అన్న మాటకు పర్యాయపదాలు రాయమన్నారు. మా అమ్మాయి వరసగా రాసింది: జలము, ఉదకము, తోయము, నిధినిక్షేపము. చివరిదానికి ఎర్రసిరాతో అడ్డంగా గీత పడింది. అరమార్కు పోయింది. నా దగ్గరికి తెచ్చి న్యాయం చెప్పమంది.

దిద్దిన పంతులమ్మగారి తప్పేమీ లేదు. నా దగ్గర ఆ కాగితం పడినా అదే గీత గీసేవాణ్ణి. "అమ్మా, నిఘంటువుకెక్కాలంటే మాటను పదిమంది వాడాలి. అది మన ఇంట్లో మాట" అన్నాను.

పిల్ల వేళ్ళు మడిచింది. "తాతయ్య, నాన్నమ్మ, నువ్వు, అమ్మ, నేను, ఫోనులో అత్తయ్య. ఆరుగురం వున్నాం. ఇంకా నలుగురేగా కావాలి?"

ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఇదంతా మీకు రాశాను. చదువరులారా, ఆ మాటకు అర్థం ఇప్పుడు మీకూ తెలుసు. ఎండవేళ మీ ఇంటికి ఎవరైనా వస్తే, వాకిట్లోనే నిలబెట్టి, "ముందు కాస్త నిధినిక్షేపం పుచ్చుకోండి" అని చూడండి. అర్థమేమిటని వాళ్ళడిగితే మాత్రం నిఘంటువు చూడాలని అనకండి. వెంటనే చెప్పేయండి.